పన్నెండు ఇన్నింగ్స్, ఆపైన రెండు ఔట్లు

ఆయన చాలాకాలం జిల్లా క్రికెట్ మ్యాచ్‌లకు స్కోరు రాసి రిటైరయ్యాడు. ఆయన అన్నకూతురిది పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేసి రాసే పని. ఆయనకు కాగితం మీద గురి, ఆమెకు మనిషి నోటిమాట మీద. ఈసారి వాళ్ల గొడవ మన ఊళ్ల సంగతి కాదు. 1959 మే 26 రాత్రి అమెరికాలో, మిల్వాకీ కౌంటీ స్టేడియంలో పిట్స్‌బర్గ్ పైరెట్స్‌కీ మిల్వాకీ బ్రేవ్స్‌కీ మధ్య జరిగిన బేస్‌బాల్ ఆట బాక్స్ స్కోర్ గురించి. దాని పై రెండు వరసలు ఇలా ఉంటాయి:

పిట్స్‌బర్గ్ 000 000 000 000 0 : 0 12 1
మిల్వాకీ 000 000 000 000 1 : 1 1 0

చివరి మూడు అంకెలు పరుగులు, హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరిన దెబ్బలు), ఫీల్డింగ్ తప్పులు.

అమ్మాయి: ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది బాబాయ్. పన్నెండు హిట్లు కొట్టినవాళ్లు ఓడారు. ఒకటంటే ఒక్క హిట్ కొట్టినవాళ్లు గెలిచారు. కింద పిట్స్‌బర్గ్ పిచర్ హార్వీ హాడిక్స్ పేరు పక్కన ఓటమి అని రాసి చేతులు దులుపుకున్నారు.

బాబాయి: ఓడిన పిచర్ పక్కన ఓటమి అని కాక ఇంకేం రాస్తారమ్మా?

అమ్మాయి: ఓడింది జట్టు. ఆయన చేసింది చూడు. బేస్‌బాల్‌లో ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు. మొత్తం ఇరవై ఏడు. పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు నడిచిపోతాడు, అది వాక్. హిట్ లేదు, వాక్ లేదు, ఫీల్డర్ జారవిడిచిందీ లేదు, వచ్చిన ఇరవై ఏడుగురూ వచ్చినట్టే వెనక్కి పోయారంటే అది పర్‌ఫెక్ట్ గేమ్. 1956 వరల్డ్ సిరీస్‌లో డాన్ లార్సెన్ అది చేస్తే ఇప్పటికీ కథలు చెప్పుకుంటున్నారు. హాడిక్స్ ఇరవై ఏడుతో ఆగలేదు, ఆపడానికి వీల్లేకపోయింది. ఆయన జట్టు కూడా ఒక్క పరుగూ చెయ్యలేదు మరి. పదో ఇన్నింగ్స్, పదకొండు, పన్నెండు. ముప్పై ఆరుగురు వచ్చారు, ముప్పై ఆరుగురూ వెనక్కి పోయారు. తొమ్మిది మంది బ్యాటింగ్ వరస మొదటి నుంచి చివరిదాకా నాలుగుసార్లు తిరిగింది. అందులో హాంక్ ఆరన్ ఉన్నాడు, ఎడీ మాథ్యూస్ ఉన్నాడు. ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో బ్యాటింగ్ సగటులో మొదటివాడు ఆరన్, హోమ్ రన్లలో మొదటివాడు మాథ్యూస్.

బాబాయి: పదమూడో ఇన్నింగ్స్‌లో?

అమ్మాయి: మొదటి బ్యాటర్ ఫీలిక్స్ మాంటియా. మూడో బేస్ దగ్గరున్న డాన్ హోక్ బంతిని అందుకుని మొదటి బేస్‌కు విసిరాడు, విసురు తప్పింది. పన్నెండు ఇన్నింగ్స్ తర్వాత మిల్వాకీ వాడొకడు బేస్ మీద నిలబడ్డాడు. మాథ్యూస్ బంట్ చేసి, అంటే బంతిని మెల్లిగా బ్యాట్‌కు తాకించి, తను ఔటై అతన్ని రెండో బేస్‌కు జరిపాడు. ఆరన్‌కు కావాలనే వాక్ ఇచ్చారు. తర్వాత జో ఆడ్‌కాక్ కొట్టాడు, బంతి కుడి సెంటర్ కంచె దాటింది. అయిపోయింది. ఇందులో హాడిక్స్ తప్పేది?

బాబాయి: తప్పుందని కాగితం అనలేదే! పరుగుల గడి చూడు, ఒకటి. దాని పక్కన ఇంకో గడి ఉంటుంది, పిచర్ లెక్కలోకి వచ్చే పరుగులు. అక్కడ సున్నా. హోక్ విసురు తప్పాక వచ్చిన పరుగు కాబట్టి పిచర్ ఖాతాలో వెయ్యలేదు. ఆ తప్పుకు గుర్తు ఈ5. మైదానంలో ప్రతి స్థానానికీ ఒక అంకె ఉంటుంది. పిచర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, ఔట్‌ఫీల్డ్ ఎడమ నుంచి కుడికి 7, 8, 9. ఈ5 అంటే మూడో బేస్ వాడి పొరపాటు. హోక్ పేరు వెతుక్కోనక్కర్లేదు.

అమ్మాయి: ఒక గడిలో నీ తప్పు లేదని రాసి, ఇంకో గడిలో ఓడిపోయావని రాస్తే దాన్నేమంటారు?

బాబాయి: రెండు ప్రశ్నలకు రెండు జవాబులంటారు. ఎన్ని పరుగులకు నువ్వు బాధ్యుడివి అన్నది ఒకటి. నిర్ణాయకమైన పరుగు ఎవరు బంతి వేస్తుండగా బేస్ ఎక్కినవాడు తెచ్చాడు అన్నది ఇంకోటి. ఒకదానితో ఇంకోదాన్ని కలిపి చదివితే ఆ తప్పు చదివేవాడిది.

అమ్మాయి: అందరూ అలాగే చదివారు కదా!

బాబాయి: చదివారు. ఇప్పుడు కాస్త తెలివి వచ్చింది. 2018లో జేకబ్ డిగ్రామ్ అనే పిచర్‌కు గెలుపులు పది, ఓటములు తొమ్మిది. అయినా మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఆయనకే ఇచ్చారు. ఓట్లేసేవాళ్లు వేరే గడులు చూడ్డం నేర్చుకున్నారు. గెలుపోటముల గడి మాత్రం అలాగే ఉంది, దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. కొట్టెయ్యక్కర్లేదు కూడా. మన సచిన్ సంగతే తీసుకో. 1999లో చెన్నైలో పాకిస్తాన్ మీద 136 కొట్టాడు, మనం పన్నెండు పరుగులతో ఓడాం. స్కోరు పుస్తకంలో 136 తగ్గిందా, ఓటమి పోయిందా?

అమ్మాయి: సచిన్ పేరు పక్కన ఓటమి అని రాయరు బాబాయ్. క్రికెట్‌లో ఆ గడే లేదు.

బాబాయి: అది నిజమే. ఆ గడి బేస్‌బాల్ వాళ్లు పెట్టుకున్నదే. బాక్స్ స్కోర్ మాత్రం వాళ్లకు క్రికెట్ నుంచే అబ్బింది, తెలుసా? హెన్రీ చాడ్విక్ అని ఇంగ్లండ్‌లో పుట్టి చిన్నతనంలోనే బ్రూక్లిన్ చేరినాయన న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ వార్తలు రాసేవాడు. తర్వాత బేస్‌బాల్ మీద మనసు పడి, 1859లో ఆట మొత్తాన్ని ఒక పట్టికలో పెట్టాడు. స్ట్రైకౌట్‌కు కె అన్న అక్షరం ఆయన పెట్టిందే, ఇవాళ్టికీ మారలేదు. ఆటను చూడనివాడికి కూడా ఆట అందాలన్నది ఆయన తాపత్రయం.

అమ్మాయి: అందుతుందా? ఈ కాగితంలో హాడిక్స్ ఆ రోజు ఫ్లూతో లేచాడని ఉందా? గొంతు మాత్రలు చప్పరిస్తూ బంతులు వేశాడని ఉందా? పిట్స్‌బర్గ్ అసలు హీరో రాబర్టో క్లెమెంటే ఆ రాత్రి ఆడలేదని ఉందా?

బాబాయి: ఆడలేదని ఉంది. కుడి ఔట్‌ఫీల్డ్‌లో రోమన్ మెహియాస్ పేరుంది కదా!

అమ్మాయి: అది క్లెమెంటే స్థానమని ముందే తెలిసినవాడికి ఉంది. తెలియనివాడికి అదొక పేరు, అంతే. లేనివాడు ఎందుకు లేడో స్కోరులో ఎప్పుడూ ఉండదు. నా పనంతా ఆ లేనివాళ్లతోనే. సరే, అసలైనదానికి వస్తున్నా. బ్రేవ్స్ పిచర్ బాబ్ బూల్ ఎన్నో ఏళ్ల తర్వాత ఒక సంగతి బయటపెట్టాడు. పిట్స్‌బర్గ్ క్యాచర్ స్మోకీ బర్జెస్ బాగా కిందికి కూర్చోలేకపోయేవాడు. ఏ బంతి వెయ్యాలో అతను వేళ్లతో చేసే సైగలు దూరానికి కనిపించేవి. బ్రేవ్స్ రిజర్వు పిచర్లు అవతల కూర్చుని బైనాక్యులర్స్‌తో అవి పట్టుకుని, తమ బ్యాటర్లకు అందించేవాళ్లట. వద్దన్నవాడు ఆరన్ ఒక్కడే. అంటే వచ్చేది ఫాస్ట్‌బాలా స్లైడరా అన్నది ముందే తెలిసిన బ్యాటర్ల మీద పన్నెండు ఇన్నింగ్స్! దీనికి నీ చాడ్విక్ గడి ఏమన్నా పెట్టాడా?

బాబాయి: పెట్టలేదు. పెట్టకపోవడమే మంచిదైంది.

అమ్మాయి: అదేంటి?

బాబాయి: ఆట అయిపోయి అన్నేళ్లు గడిచాక ఒకడు చెప్పినదాన్ని ఆ రాత్రి పద్దులో ఎలా వేస్తావు? బూల్ అబద్ధం చెప్పాడని నేననను. నువ్వు ఆ పని చేస్తావు కాబట్టి నీకే బాగా తెలుసు. ముసలివాళ్లను అడిగితే తాము ఓడిన ఆటలు తక్కువ, చూసిన గొప్ప ఆటలు ఎక్కువ. ఆ స్టేడియంలో ఆ రాత్రి జనం 19,194 మంది. అది లెక్కపెట్టి రాసుకున్న సంఖ్య. నేనా ఆట కళ్లారా చూశానని తర్వాత చెప్పుకున్నవాళ్లందరినీ కూర్చోబెడితే ఆ స్టేడియం చాలదని నా అనుమానం.

అమ్మాయి: నా జ్ఞాపకాలవాళ్లు పెంచి చెప్తారు, ఒప్పుకుంటా. నీ కాగితం మాత్రం చెప్పిన మాట మీద నిలబడిందా? ఆడ్‌కాక్ కొట్టినప్పుడు బేస్‌ల మీద ఇద్దరున్నారు. కంచె దాటిన బంతి కాబట్టి చూసినవాళ్లకు 3–0. ఆ రాత్రి అంపైర్లు తేల్చింది 2–0. మర్నాడు నేషనల్ లీగ్ అధ్యక్షుడు వారెన్ జైల్స్ 1–0 అన్నాడు. ఒకే దెబ్బకు మూడు స్కోర్లు.

బాబాయి: అసలైన చోటికి ఇప్పుడొచ్చావు. నువ్వు పైనున్న సున్నాలు చూసి కోప్పడుతున్నావు. నేను చూసే అంకె వేరే. హాడిక్స్ వరసలో మొదటి గడి చదువు.

అమ్మాయి: ఇన్నింగ్స్... పన్నెండూ, మూడింట రెండు.

బాబాయి: మిగతావి కూడా.

అమ్మాయి: హిట్ ఒకటి, పరుగు ఒకటి, ఖాతా పరుగులు సున్నా, వాక్ ఒకటి, స్ట్రైకౌట్లు ఎనిమిది.

బాబాయి: పన్నెండూ మూడింట రెండు అంటే పన్నెండు ఇన్నింగ్స్ అయ్యాక పదమూడులో రెండు ఔట్లు. మాథ్యూస్ బంట్ చేసి ఔటయ్యాడు, ఒకటి. రెండోది ఎవరు?

అమ్మాయి: ...

బాబాయి: నువ్వు చెప్పిన కథలో రెండో ఔట్ లేదు. మాంటియా బేస్ ఎక్కాడు, మాథ్యూస్ ఔట్, ఆరన్‌కు వాక్, ఆడ్‌కాక్ కంచె దాటించాడు. ఆట అయిపోయింది. మరి కాగితం ఇంకో ఔట్ ఎక్కడి నుంచి తెచ్చింది?

అమ్మాయి: ఆడ్‌కాక్. అతన్ని ఔట్ అన్నారు.

బాబాయి: కదా! మిల్వాకీకి మొత్తం ఆటలో ఉన్న ఒక్క హిట్ అతనిదే. ఆ హిట్ మీదే అతను ఔట్. ఇప్పుడు ఎందుకో చెప్పు, అది నీ కోటా.

అమ్మాయి: బంతి కంచె దాటిందని ఆరన్ గమనించలేదు. కంచె దగ్గర పడిందనుకున్నాడు. ముందున్న మాంటియా హోమ్ ప్లేట్ చేరితే చాలు, ఆట ముగిసినట్టే. తను రెండో బేస్ తాకి, ఇక పరుగెత్తడం దేనికని దారి వదిలి తమవాళ్ల దగ్గరకు తిరిగాడు. వెనక ఆడ్‌కాక్ సంబరంగా తల దించుకుని పరుగెత్తుతూ ఆరన్‌ను దాటేశాడు. ముందున్న రన్నర్‌ను వెనకవాడు దాటితే దాటినవాడు ఔట్.

బాబాయి: అందుకని హోమ్ రన్ కాస్తా డబుల్, అంటే రెండు బేస్‌ల హిట్, అయింది. మాంటియా పరుగు ఒక్కటే చెల్లింది. జైల్స్ చెప్పిన 1–0 అదే. ఇప్పుడు ఈ పెన్సిల్ పట్టుకో. మేం క్రికెట్‌లో ఆట ముగియగానే ఏం చేస్తామో నీకు తెలుసు. బ్యాటర్ల పరుగులు, ఎక్స్‌ట్రాలు కూడి, బౌలర్ల లెక్కతో సరిచూస్తాం. టాలీ కాకపోతే అన్నం సహించదు. బేస్‌బాల్‌లోనూ ఉంది ఆ లెక్క. ఒక జట్టు తరఫున బ్యాటింగ్‌కు వచ్చినవాళ్లందరూ మూడింటిలో ఎక్కడో ఒకచోట తేలాలి. పరుగైనా చెయ్యాలి, ఔటైనా కావాలి, బేస్ మీదైనా మిగిలిపోవాలి. నాలుగో దారి లేదు. మిల్వాకీకి వచ్చినవాళ్లు ఎంతమంది?

అమ్మాయి: ముప్పై ఆరు, పదమూడులో నలుగురు. నలభై.

బాబాయి: ఔట్లు?

అమ్మాయి: ముప్పై ఎనిమిది.

బాబాయి: పరుగు ఒకటి. ముప్పై తొమ్మిది. ఇంకొకడు కావాలి. బేస్ మీద మిగిలినవాళ్ల గడిలో మిల్వాకీకి ఒకటి అని ఉంటుంది. ఆ ఒకడు ఆరన్. గెలిచిన ఆటలో, దారి వదిలి డగౌట్‌కు తిరిగినవాణ్ని బేస్ మీద మిగిలినవాడిగా లెక్కేశారు. నలభైకి నలభై. నువ్వు చెప్పిన తమాషా అంతా, ఆరన్ పొరపాటుతో సహా, ఆ అంకెల్లో ఉంది.

అమ్మాయి: ఉందనకు, పట్టుబడింది అను. కథ తెలిశాక నీకు ఆ అంకెలో ఆరన్ కనిపిస్తున్నాడు. కథ తెలియనివాడికి రెండో ఔట్ ఉందనే తెలుస్తుంది, అది ఎలా వచ్చిందో తెలియదు. బేస్ మధ్యలో పట్టుకుని ఔట్ చేశారనుకుంటాడు.

బాబాయి: అనుకోనీ. ఏదో జరిగిందని, అది ఏమిటో వెతకాలని వాడికి తెలిసింది కదా. కాగితం పని అంతవరకే. నీలాంటివాళ్లు అక్కడి నుంచి మొదలెట్టాలి.

అమ్మాయి: ఆడ్‌కాక్ సంగతి? కొట్టిన బంతి కంచె అవతల పడింది. రిటైరయ్యేనాటికి అతని లెక్కలో హోమ్ రన్లు 336. మూడువందల ముప్పై ఏడోది కంచె అవతలే ఉండిపోయింది.

బాబాయి: బంతి దాటింది, మనిషి దాటలేదు. దాటకూడనివాణ్ని దాటాడు. నేను స్కోరు రాసినా అంతే రాసేవాణ్ని. అయినా నువ్వు ఓడినవాళ్ల గురించి ఇంత బాధపడుతున్నావు, గెలిచినవాడి ఊసెత్తలేదేం? లూ బర్డెట్ అని మిల్వాకీ పిచర్ ఒకడున్నాడు ఆ రాత్రి.

అమ్మాయి: పన్నెండు హిట్లు ఇచ్చాడుగా.

బాబాయి: చూశావా! జ్ఞాపకం చేసే అన్యాయం ఇదే. ఒకణ్ని వీరుణ్ని చెయ్యగానే పక్కవాడు కనిపించడు. బర్డెట్ వరస చదువు: పదమూడు ఇన్నింగ్స్, పన్నెండు హిట్లు, పరుగులు సున్నా, వాక్‌లు సున్నా, స్ట్రైకౌట్లు రెండు. రెండే! అంటే బంతి దాదాపు ప్రతిసారీ బ్యాట్‌కు తగిలిందన్నమాట. అతను ఎవర్నీ భయపెట్టలేదు, కొట్టనిచ్చాడు. పన్నెండుగురు బేస్ ఎక్కారు. మూడు డబుల్ ప్లేలు, ఒక్క బంతికి ఇద్దరేసి ఔట్. అక్కడ ముగ్గురు పోయారు. మూడో ఇన్నింగ్స్‌లో మెహియాస్ మూడో బేస్‌కు పరుగెత్తబోయి దొరికిపోయాడు. పన్నెండులో నలుగురు పోతే ఎనిమిది. పిట్స్‌బర్గ్ వరసలో బేస్‌ల మీద మిగిలినవాళ్లు సరిగ్గా ఎనిమిది.

అమ్మాయి: మెహియాస్ ఎవరి దెబ్బ మీద పరుగెత్తాడో చెప్పవేం? హాడిక్స్ స్వయంగా కొట్టిన సింగిల్ అది. మెహియాస్ రెండో బేస్ దగ్గర ఆగి ఉంటే బాగుండేది. ఆ వెనకే షార్ట్‌స్టాప్ స్కోఫీల్డ్ ఇంకో సింగిల్ కొట్టాడు. ఆటను తొమ్మిదిలోనే ముగించే పరుగు మూడో ఇన్నింగ్స్‌లో చేజారింది.

బాబాయి: చూడు, నీకూ కాగితం మీద ప్రేమ పుడుతోంది.

అమ్మాయి: పుట్టదు. బర్డెట్ తర్వాత ఏమన్నాడో కాగితంలో లేదు కదా! జీతం పెంచమని అడిగాడట. ప్రపంచంలో ఎవరూ వెయ్యనంత గొప్పగా బంతులు వేసినవాడు కూడా నన్ను ఓడించలేకపోయాడు, కాబట్టి అందరికంటే గొప్ప పిచర్‌ని నేనే అని తర్కం. ఇలాంటి మనిషిని పన్నెండు హిట్లు, సున్నా పరుగులు అని రెండు అంకెల్లో ఎలా ఇరికిస్తావు?

బాబాయి: ఆ జోకు పండింది ఎందుకో ఆలోచించు. ఆ పన్నెండూ, ఆ సున్నా తెలిసినవాడికే అది జోకు.

అమ్మాయి: సరే. 1991 సంగతికి రా. దీనికి నీ దగ్గర జవాబుండదు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో కమిషనర్ ఫే విన్సెంట్ అధ్యక్షతన గణాంకాల కచ్చితత్వం కోసమని పెట్టిన కమిటీ కూర్చుంది. హిట్ ఇవ్వని ఆట అంటే ఏమిటో నిర్వచనం మార్చింది. తొమ్మిది ఇన్నింగ్స్ లేదా అంతకంటే ఎక్కువ ఆడి, ఆట చివరిదాకా ఒక్క హిట్ కూడా ఇవ్వకపోతేనే లెక్కలోకి వస్తుందన్నారు. ఆ దెబ్బకు జాబితాలోంచి యాభై ఆటలు ఎగిరిపోయాయి. అందులో ఇదొకటి. ముప్పై రెండేళ్లు ఆయన పేరు అక్కడుంది. బతికుండగానే తీసేశారు. నేనేం చేశానో నాకు తెలుసులే అన్నాడట హాడిక్స్. 1994లో పోయాడు.

బాబాయి: ఆ కమిటీ ఈ బాక్స్ స్కోర్‌లో ఏ అంకె మార్చింది?

అమ్మాయి: అంకె మార్చలేదు.

బాబాయి: ఒక్కటి కూడా మార్చలేదు. వాళ్లు మార్చింది జాబితా. జాబితా వేరు, పద్దు వేరు. పద్దు జరిగినదాన్ని రాస్తుంది. జాబితా ఎవరిని గొప్పవాడనాలో చెప్తుంది, అది కూర్చున్నవాళ్ల ఇష్టం. అదే సమావేశంలో రోజర్ మారిస్ సంగతి కూడా తేల్చారు. 1961లో ఆయన కొట్టిన 61 హోమ్ రన్లకు, ఆటల సంఖ్య ఎక్కువన్న సాకుతో ముప్పై ఏళ్లుగా తగిలించిన తేడాను ఎత్తేశారు. ఒకరికి ఇచ్చారు, ఒకరి దగ్గర తీసుకున్నారు. బిరుదులిచ్చేవాళ్లకు అలవాటైన పనే.

అమ్మాయి: జనం చదివేది జాబితానే బాబాయ్, పద్దు కాదు. పర్‌ఫెక్ట్ గేమ్‌లు ఎన్ని అని పిల్లవాడు వెతికితే హాడిక్స్ కనిపించడు. ఇందులో వింత చూడు. తొమ్మిది ఇన్నింగ్స్ పర్‌ఫెక్ట్‌గా వేసి, తమవాళ్లు ఒక్క పరుగు చేసిపెడితే జాబితాలో ఉంటావు. పన్నెండు వేస్తే పోతావు. ఎక్కువ చేసినవాడికి తక్కువ దక్కింది. ఆయన్ని ఓడించింది తనవాళ్ల సున్నాలు.

బాబాయి: ఇక్కడ నేను నీతో వాదించను. పర్‌ఫెక్ట్ అంటే ఎవడూ బేస్ ఎక్కకూడదు, మాంటియా ఎక్కాడు. మాట వరకూ కమిటీది సబబే. కానీ ఆ జాబితా కంటే ఈ పన్నెండు సున్నాలు పెద్దవని చూసినవాడికెవడికైనా తెలుస్తుంది. కమిటీకి కూడా తెలిసే ఉంటుంది.

అమ్మాయి: తెలిసీ తీసేశారు.

బాబాయి: తీసేశారు. ఇప్పటి ఆటైతే ఇది రానే రాదు. 2020 నుంచి తొమ్మిది దాటితే ప్రతి ఇన్నింగ్స్‌కూ ఒక రన్నర్‌ను ఊరికే రెండో బేస్ మీద పెట్టి మొదలెడుతున్నారు, ఆట తొందరగా ముగియాలని. ఒక్క బ్యాటర్ కూడా బేస్ ఎక్కకుండానే ఓడిపోయే వీలుంది. పైగా పదమూడు ఇన్నింగ్స్ ఒకే పిచర్‌తో వేయించేవాడు ఎవడున్నాడు? ఇద్దరూ పదమూడో ఇన్నింగ్స్ దాకా వేశారు, ఆట మొత్తం 2 గంటల 54 నిమిషాల్లో అయిపోయింది. ఆ గడి చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

అమ్మాయి: ముచ్చటకేం, ఆయన నష్టం ఆయనదే. ఆ ఓటమిని గడిలోంచి తీసేసినా ఎవరికేం పోయింది?

బాబాయి: మిల్వాకీకి పోయేది. ఆ సీజన్ చివర బ్రేవ్స్, లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ సమానమై నిలిచారు. తేల్చడానికి ప్లేఆఫ్ పెడితే డాడ్జర్స్ రెండూ గెలిచారు. ఈ ఆట బ్రేవ్స్ ఓడి ఉంటే సమానం అయ్యేవాళ్లే కాదు, ప్లేఆఫ్ లేదు. ఈ 1 అన్న అంకె సెప్టెంబర్ దాకా నడిచింది. నీకు జాలి కలిగిన గడిలో ఇంకొకళ్ల ఏడాది ఉంది.

అమ్మాయి: అయితే 1960 కూడా చెప్పు. నీ గెలుపోటముల గడి ఎంత న్యాయమైనదో అందరికీ తెలియాలి. 1960 అక్టోబర్ 13, వరల్డ్ సిరీస్ ఏడో ఆట, పిట్స్‌బర్గ్‌లో యాంకీస్‌తో. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పిట్స్‌బర్గ్ 9–7తో ముందుండగా హాడిక్స్‌ను రంగంలోకి దించారు. ఆయన బంతులు వేస్తుండగా యాంకీస్ రెండు పరుగులు చేసి 9–9 చేశారు. ఆ రెండూ ముందు పిచర్ ఎక్కించి పోయినవాళ్ల పరుగులే అనుకో. కింది సగంలో బిల్ మాజెరాస్కీ హోమ్ రన్, 10–9, సిరీస్ పిట్స్‌బర్గ్‌ది. గెలిచిన పిచర్‌గా ఎవరి పేరు రాశారు?

బాబాయి: హాడిక్స్.

అమ్మాయి: వేసింది ఒక్క ఇన్నింగ్స్, ఆధిక్యం పోయింది, అయినా గెలుపు. పన్నెండు ఇన్నింగ్స్ పైన రెండు ఔట్లు, ఒక్క హిట్, అయినా ఓటమి. ఇప్పుడేమంటావు?

బాబాయి: ఆ గడి మీద నాకు ఎప్పుడూ పెద్ద గౌరవం లేదంటాను. నేను నిలబడ్డది మొత్తం కాగితం కోసం, ఆ ఒక్క గడి కోసం కాదు. మిగతా గడులన్నీ ఉన్నాయి కాబట్టే ఆ ఒక్క గడి అన్యాయమని నువ్వు ఇవాళ నిరూపించగలిగావు. ఆ సున్నాలు, ఆ ఈ5, ఆ మూడింట రెండు ఎవరూ రాయకపోయి ఉంటే నీ దగ్గర మిగిలేది ఫ్లూ, బైనాక్యులర్స్, బర్డెట్ జోకు. వాటితో హాడిక్స్ గొప్పవాడని ఒప్పించలేవు.

అమ్మాయి: నేను లేకపోతే నీ దగ్గర మిగిలేది ఎందుకొచ్చిందో తెలియని ఒక ఔట్.

బాబాయి: అదీ నిజమే. అందుకే 1989లో డెలావేర్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చెప్పే డేవిడ్ స్మిత్ అనే ప్రొఫెసర్ రెట్రోషీట్ అని మొదలుపెట్టాడు. పాత ఆటల స్కోరు షీట్లు క్లబ్బుల దగ్గర, పాత్రికేయుల దగ్గర, అభిమానుల దగ్గర అడిగి తెచ్చి, ప్రతి ఆటనూ బ్యాటర్ తర్వాత బ్యాటర్‌గా మళ్లీ కట్టడం మొదలెట్టారు. చేసేవాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. బాక్స్ స్కోర్ మొత్తం చెప్తే, ఇది వరస చెప్తుంది. ఆరన్ ఎప్పుడు తిరిగాడో అక్కడ పట్టుకోవచ్చు.

అమ్మాయి: ఏమనుకుని తిరిగాడో?

బాబాయి: అది నీకే వదిలేశారు.

అమ్మాయి: చివరగా ఒక్కటి అడుగుతా. ఆ రాత్రి స్కోరు బల్ల దగ్గర నువ్వే ఉన్నావనుకో. ఏం రాసేవాడివి?

బాబాయి: వాళ్లు రాసిందే. హోక్ పేరు మీద తప్పు వేసేవాణ్ని, ఆడ్‌కాక్‌కు డబుల్ ఇచ్చి ఔట్ అనేవాణ్ని, హాడిక్స్‌కు ఓటమి వేసేవాణ్ని. చెయ్యి వణికినా వేసేవాణ్ని. మన క్రికెట్ స్కోరు పుస్తకంలో కింద రిమార్కులని ఒక ఖాళీ వదులుతారు చూడు, సాధారణంగా వాన పడింది, వెలుతురు చాల్లేదు అని రాస్తాం. అలాంటి ఖాళీ దొరికితే ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టేవాణ్ని: మొదటి బ్యాటర్ నుంచి వరసగా 36 మంది ఔట్, పిచర్ హాడిక్స్.

అమ్మాయి: కమిటీ దాన్ని కూడా కొట్టేసేది.

బాబాయి: కొట్టేసేదేమో. కానీ అంతకుముందు గానీ, ఆ తర్వాత ఇవాళ్టి దాకా గానీ మేజర్ లీగుల్లో ఒక్క ఆటలో వరసగా 36 మందిని ఔట్ చేసిన పిచర్ ఇంకొకడు లేడు.